మేకు దిగని నేల

ఒకటి

కరపత్రాల వెనకవైపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోనే రాస్తున్నాను. ముందువైపు అచ్చులో ఉన్నదంతా నాకు కంఠతా వచ్చు: పని అందరిదీ, నీరు అందరిదీ, మాట అందరిదీ. మాట అందరిదైతే రేడియో ముందు కూర్చునే మనిషి ఒక్కతే ఎందుకుండాలి? ఈ ప్రశ్న సభలో అడిగాను. అప్పలసూరి మావ ఆవలించాడు.

స్తంభం కాపలా నాకిచ్చారు. మాట్లాడే పని తాయారుకిచ్చారు.

పోయిన గాలివానకి పాత కంట్రోల్ టవరు ఏంటెనాతో సహా కూలింది. కొత్తది కట్టేదాకా పట్టీ మీదే ఒక స్తంభం నిలబెట్టి పడవలతో మాట్లాడాలి. పట్టీ అంటే ఒకప్పుడు విమానాలు దిగిన సిమెంటు దారి. నేను విమానాన్ని చూడలేదు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక మాకు మిగిలిన గట్టి నేల ఇదే. గుడిసెలు, పొయ్యిలు, పెళ్ళిళ్ళు, తగాదాలు అన్నీ దీని మీదే.

రేడియో లేకపోతే పడవ ఇల్లు చేరదు. రేవుకి దారి మునిగిపోయిన మేడల మధ్యనుంచి. నీళ్ళ కింద గోడలు, గోడల్లోంచి ఇనప చువ్వలు. అలలు లేచినప్పుడు పడవలో ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. పట్టీ అంచున మంచె మీద కూర్చున్న మనిషి నీటి రంగు చూసి "ఎడమకి, ఇంకాస్త, ఆగు" అని చెప్పాలి. నీటి రంగు చదవడం నాకు పళ్ళు రాకముందే వచ్చు.

మా అప్ప, అంటే అక్క, నూకరత్నం పడవల పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. నేరుగా ఆమెనే అడిగాను.

"నానెందుకు గాదు?"

"నీకు కోపమొస్తే మాటలు ఒకదాని మీదొకటి ఎక్కేస్తాయిరా తవుడూ. ఎడమా కుడీ కలిపి సెప్తావు. నాను ఏ గోడకి గుద్దుకోవాలి?"

"ఆ తాయారు గుంటకి మన నీళ్ళేటి తెలుసు? నిన్న గాక మొన్నొచ్చింది."

"నీళ్ళు నేర్సుకుంది. గొంతు పుట్టుకతో తెచ్చుకుంది. నువ్వు రెండూ కలిపి సెడగొడతావు."

తాయారు పూర్తి పేరు మంగతాయారు. గోదావరి లంకలు మునిగినప్పుడు ఒక తలుపుచెక్క మీద తేలుతూ వస్తుంటే అప్పే లాగి పడవలో వేసింది. అప్పటినుంచి మా గుడిసెలోనే. నా చాప గుమ్మం బయటికి వచ్చింది. పులుసులో చేప తలకాయ నాకు పెట్టేది అప్ప. ఇప్పుడు దాన్ని రెండుగా చీల్చి పెడుతుంది. చీల్చిన తలకాయలో తినడానికి ఏముంటుంది?

రెండు

పట్టీకి చిల్లు పెట్టకూడదు. ఇది మాకు పుట్టగానే చెవిలో చెప్పే మాట. పట్టీ మా వాన పళ్ళెం. దాని మీద పడ్డ వాన పక్క కాలవల్లోకి జారి తొట్టిలోకి దిగుతుంది, ఏడాదంతా అదే తాగుతాం. ఒక్క మేకు దిగితే పగులు పాకుతుంది, ఆ పగుల్లోంచి కింద కాచుకుని ఉన్న ఉప్పునీరు ఊరుతుంది. ఉప్పునీటినీ సముద్రపు ఇసుకనీ పైకి తేవడం కూడా నేరమే. రేవునుంచి ఎక్కేవాళ్ళు తడిగుడ్డతో కాళ్ళు తుడుచుకుని గానీ ఎక్కరు. అందుకే మా గుడిసెలు ఏవీ పాతినవి కావు. అన్నీ బరువు మీద నిలబడ్డవే.

స్తంభానికి బరువు ఎక్కడిది? నేను సభలో లేచి చెప్పాను. ప్రతి ఇల్లూ ఒక్క బరువైన వస్తువు ఇవ్వాలి. అందరి బరువు మీద అందరి గొంతు నిలబడాలి. చప్పట్లు కొట్టారు. అప్ప కూడా కొట్టింది, నేను చూశాను.

మర్నాడు ఇంటింటికీ తిరిగాను. ఒకాయన కాళ్ళు లేని కుర్చీ ఇచ్చాడు. ఒకావిడ చిల్లు పడ్డ ఇడ్లీ పాత్ర ఇచ్చి, పని అయ్యాక తిరిగి ఇవ్వమంది. చిన్నమ్మి అత్త దగ్గర మంచి రుబ్బురోలు ఉంది. అడిగాను.

"నా రోలు నీ తాడుకి కట్టీసి నాను పిండెక్కడ రుబ్బాలి, నీ నెత్తి మీదా?" అంది.

"అందరి కోసం అత్తా."

"అందరూ వొచ్చి రుబ్బుతారేటి? నువ్వే గదరా రేపొచ్చి దోసె లేదా అత్తా అంటావు."

సాయంత్రానికి పోగైన సామానుని గాలి రాకముందే కుక్కలు లాక్కుపోయేలా ఉంది. అప్పుడు తాయారు మెల్లిగా అప్పలసూరి మావతో అంది. మావ తొట్టి పెద్ద. నీటి సంగతి ఏదైనా ఆయన్నే అడగాలి.

"నీళ్ళు బరువే కదండీ. ఖాళీ డ్రమ్ములు దొర్లించుకెళ్ళి అక్కడే నింపేసుకుంటే మోత కూడా ఉండదండి. టవరు కట్టేశాక మళ్ళీ తొట్టిలో పోసేసుకోవచ్చు."

మావ నా వైపు చూశాడు. "ఈ మాట మనకెందుకు తట్టలేదర్రా?"

మనకి అన్నాడు గానీ చూసింది నన్నే.

గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి స్తంభం లేపాం. అడుగున మందపాటి రబ్బరు. నాలుగు వైపులా నాలుగు తాళ్ళు. ఒక్కో తాడు చివర ఒక చెక్కల బల్ల, బల్ల మీద నీళ్ళ డ్రమ్ములు. సముద్రం వైపు తాడు నా వంతు. బల్లని స్తంభానికి దగ్గరగా పెట్టి బిగించాను. తాయారు వచ్చి చూసి, "ఇంకా దూరం జరపాలండి. దగ్గరుంటే తాడు బల్లని పైకెత్తేస్తుంది. దూరమైతే పక్కకే లాగుతుంది" అంది. జరిపాను. మళ్ళీ వచ్చి, "కింద టైరు ముక్కలు వేశారాండి? సిమెంటు నున్నగా ఉంది, జారుద్ది" అంది. వేశాను. ఆమె చెప్పినవన్నీ సరైనవే. అదే నాకు మంట. ఒక్కటి తప్పు చెప్పి ఉంటే ఆమెని నేను ఎంతో బాగా చూసుకునేవాణ్ణి.

స్తంభం నిలబడింది. మంచె మీదినుంచి తాయారు మొదటిసారి మాట్లాడింది. రేవులో పడవలో కూర్చున్న అప్ప, రేడియో సెట్టు చెవి దగ్గర పెట్టుకుని నవ్వింది. అప్ప అలా నవ్వి చాలా కాలమైంది. నవ్వించింది నేను కాదు.

మూడు

ఇవాళ నేను గెలిచాను.

తాయారు డ్రమ్ములన్నిటికీ మూతలు పెట్టి తాళ్ళతో బిగించి కట్టింది. పొద్దున్నే చూసేసరికి ఒళ్ళు మండింది. బయట పెట్టిన నీటికి మా పట్టీ మీద ఎవరూ మూత కట్టరు. ఇంట్లో కుండ ఇంటివాళ్ళది. వాకిట్లో డ్రమ్ము దాహం వేసినవాడిది. అడగకుండా ఒక గ్లాసు తాగొచ్చు. సముద్రంనుంచి నోరెండి వచ్చినవాణ్ణి ఎవరి డ్రమ్ము అని అడిగించడం మాకు తలవంపులు.

సభ పిలిపించాను. అప్ప రేవులో పడవలకి సరుకు ఎక్కిస్తోంది, రాలేదు.

"నీటికి కట్లు కట్టడం మన పద్ధతి గాదు," అన్నాను. "ఏ ఊరి అలవాటో ఇక్కడికి తేవద్దు."

తాయారు ముఖం ఎర్రబడింది. "అలవాటు కాదండి. తాగితే బరువు తగ్గుద్ది. బరువు తగ్గితే స్తంభం ఆగదండి."

"గిలాసుడు నీళ్ళకి స్తంభం పడిపోతాదా?"

అందరూ నవ్వారు. చిన్నమ్మి అత్త మరీ నవ్వింది. "మా ఆయన తాగొచ్చినా ఇల్లు నిలబడే ఉండేదమ్మా. నీళ్ళు తాగితే స్తంభానికేటి రోగం?"

"పోనీ, తాగినవాళ్ళు సాయంత్రానికి తొట్టిలోంచి తెచ్చి పోసేయండి," అంది తాయారు.

అలాగే అని అందరూ ఒప్పుకున్నారు. మూతలు విప్పించారు. విప్పింది నేనే, నా చేతులతో. గ్లాసు ముంచి అందరి ముందూ తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. నేను చెప్పింది నిజమే, ఇప్పటికీ అదే అంటాను, దాహానికి మూత ఉండకూడదు. కానీ ఆ నీళ్ళు అంత తియ్యగా ఎందుకున్నాయో నాకు తెలుసు. ఆమె తల దించుకుని ఉంది.

నాలుగు

పడవలు బయల్దేరాయి. అవతలి గట్టుకి ఉప్పుచేపలు వేసుకెళ్ళి బియ్యం తెస్తాయి. మూడు పడవలు, ముందుది అప్పది. బయల్దేరే ముందు నా తల మీద చెయ్యి వేసింది. తర్వాత మంచె ఎక్కి తాయారుతో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో వినపడలేదు. వినపడనివాటిని నేను బాగా ఊహించుకోగలను.

ఎండ మండిపోతోంది. గాలి లేదు. రేవు పని చేసేవాళ్ళంతా పైకెక్కగానే మొదట తగిలేవి సముద్రం వైపు డ్రమ్ములే. కాళ్ళు తుడుచుకుంటారు, గ్లాసు ముంచుతారు, "సల్లగుందిరా తవుడూ, నీ పుణ్యం" అంటారు. నా పుణ్యం అనిపించుకోవడం బాగానే ఉంది. నేనూ తాళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా తాగుతున్నాను.

సాయంత్రం మంచె మీదినుంచి స్పీకరులో అప్ప గొంతు. అవతలి గట్టు చేరామని. తాయారు జవాబు చెబుతుంటే పిల్లలు కింద చేరి వింటారు. ముసలివాళ్ళు చాపలు తెచ్చుకుని మరీ వింటున్నారు. ఇంతకీ ఆమె చెప్పేది గాలి ఎటుందీ, అల ఎంతుందీ అనే. నేను సమానత్వం గురించి మాట్లాడితే ఒక్కడూ చాప తెచ్చుకోలేదు.

"మొకం అలాగెట్టుకున్నావేటి, సేప ముల్లు దిగిందా?" అని చిన్నమ్మి అత్త అడిగింది.

"మాట్లాడే పని వంతులేసుకోవాల అత్తా. అది న్నాయం."

"న్నాయమే. మరి వంతులేస్తే నాకూ వొస్తాది గదా. నాను మాట్లాడితే పడవలు ఎనక్కి ఎల్లిపోతాయి."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నీకే లేదురా, అదే బాద," అంది. వెళ్ళిపోతూ గ్లాసు ముంచుకుని తాగింది.

ఐదు

సముద్రం వైపు తాడు వదులుగా ఉంది. వేలితో మీటితే ఇదివరకు మోగేది, ఇప్పుడు ఊగుతోంది. వంగి చూశాను. బల్ల కదిలింది. టైరు ముక్క సిమెంటు మీద జానెడు నల్లటి మరక గీసింది.

మొదట నాకొచ్చిన ఆలోచన ఇది: బల్ల ఇక్కడికి జరిపించింది తాయారు. రెండో ఆలోచన: అందరూ చూస్తారు. మూడో ఆలోచన రాలేదు. డ్రమ్ముల్లోకి తొంగి చూడలేదు. రెండడుగులు వేస్తే చాలు, వేయలేదు.

తాయారు మంచె మీదినుంచి అడిగింది. "తవిటయ్యగారూ, తాళ్ళు బాగున్నాయాండి?"

నన్ను గారు అనేది పట్టీ మొత్తం మీద ఆమె ఒక్కతే. అదీ నాకు కిట్టదు.

"బాగున్నాయి," అన్నాను.

కాపలావాడు చెప్పిన మాట మీద నమ్మకం పెట్టుకుని ఆమె మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. నేను నీడలో కూర్చుని కరపత్రం చదువుకున్నాను. ఆ కరపత్రంలో మనుషులు ఒకరి మీద ఒకరు ఆధారపడటం గురించి చాలా మంచి పేరా ఉంది.

ఆరు

పొద్దున లేచేసరికి తూర్పు నల్లగా ఉంది. గాలి సముద్రంనుంచే మొదలైంది. పడవలు తిరుగుదారిలో ఉన్నాయి, వెనక్కి పోవడానికి లేదు. మేడల దగ్గరికి వచ్చేశామని అప్ప చెప్పింది. స్పీకరులో ఆమె గొంతు వెనక అల విరిగే చప్పుడు వినిపించింది.

తాయారు దారి చెప్పడం మొదలుపెట్టింది. "కుడికి రండి. ఇంకా. అక్కడ నీరు పచ్చగా ఉందండి, గోడ ఉంది. ఎడమకి తిప్పండి." ఒక్క అక్షరం తడబడలేదు.

అప్పుడు బల్ల జరిగింది. నా కళ్ళ ముందే, సిమెంటు మీద గీరుకుంటూ స్తంభం వైపు జరిగింది. తాడు వదులై, బిగుసుకుని, మళ్ళీ వదులైంది. స్తంభం వెనక్కి వాలింది. స్పీకరులో అప్ప గొంతు తెగిపోయింది, బర్రుమని చప్పుడు మాత్రం మిగిలింది.

అప్పలసూరి మావ పరుగెత్తుకొచ్చాడు. డ్రమ్ము మీద చెయ్యి వేసి తోశాడు. ఇద్దరు మగాళ్ళు కదల్చలేని డ్రమ్ము, ముసలాయన ఒంటిచేత్తో ఊపేశాడు. లోపలికి చూశాడు. అడుగున కొంచెం నీళ్ళు, ఒక గ్లాసు.

"తాగేసారు," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఆయనా తాగాడు. "ఒక్కడూ పొయ్యలేదు. ఎవుడికాడు, నాది గిలాసుడే గదా అనుకున్నాడు."

బిందెలతో వరస కట్టించాడు. తొట్టి పట్టీ ఆ చివర ఉంది. ఈ గాలిలో బిందె ఇక్కడికి వచ్చేసరికి సగం చిందిపోతోంది. డ్రమ్ము నిండేలోపు పడవలు గోడలకి కొట్టుకుంటాయి.

గునపం తీశాను. దాన్నే మేకులా లోతుగా దింపి, తాడు దానికి కడితే చాలు. సిమెంటు మీద గురిపెట్టి చేతులు పైకెత్తాను. జీవితంలో మొదటిసారి పట్టీని కొట్టబోతున్నాను. అప్ప తప్ప నాకేమీ కనపడలేదు.

"దింపు," అన్నాడు మావ.

"అప్ప సచ్చిపోతాది మావా."

"ఇయ్యాల బతికిస్తావు. వొచ్చే ఎండలకి దాని సేతికి ఏటిస్తావు తాగడానికి, ఉప్పునీళ్ళా? ఈ పట్టీ మీదున్న పిల్లలందరికీ ఏటిస్తావు? దింపరా."

దింపాను. పారేశాను. ఏం చెయ్యాలో తెలియక బల్ల మీదికి ఎక్కి కూర్చున్నాను, డ్రమ్ముల మధ్య ఇరుక్కుని, కాళ్ళు తన్నిపెట్టి, తాడు రెండు చేతులా పట్టుకుని. బల్ల నాతో సహా జరిగింది. కానీ నెమ్మదిగా జరిగింది.

అది తెలిసింది నాకు. "కూకోండి," అని అరిచాను. "బిందెలు వొదిలేసి కూకోండి. ఇక్కడ, ఈ బల్ల మీద."

జనం ఒక్క క్షణం అర్థంకాక నిలబడ్డారు. ముందు వచ్చింది చిన్నమ్మి అత్త.

"రోలు ఇవ్వలేదని ఏడిసావు గదా, నన్ను తీస్కో. రోలుకి తీసిపోను," అని నా పక్కన కూలబడింది. బల్ల నిజంగానే ఆగింది. తర్వాత రేవు వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, మావ. పట్టనివాళ్ళు మా ఒళ్ళో కూర్చున్నారు. వాన ముఖం మీద రాళ్ళలా కొడుతోంది. అందరం తాడు పట్టి వెనక్కి లాగాం, స్తంభం నిలువుకి వచ్చింది. బర్రుమనడం ఆగింది.

"తాయారూ," అంది అప్ప గొంతు. "ఉన్నావా?"

"ఉన్నానండి. ఎడమకి."

ఏడు

ఇది అదే రోజు సంగతి. చేతులు తాడుకి ఒరుసుకుపోయాయి, అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

మేం కూర్చున్నచోటినుంచి సముద్రం కనపడదు. మంచె మీద తాయారు వీపు కనపడుతుంది, స్పీకరు వినపడుతుంది. అంతే. అప్ప బతుకుతుందో లేదో ఆ గొంతుని బట్టి తెలుసుకోవాలి. "ఆగండి" అంటే నా ఊపిరి ఆగింది. "ఇప్పుడు రండి" అంటే కదిలింది. దారి నాకు తెలుసు. ప్రతి గోడా తెలుసు. ఆమె చెప్పబోయే మాట ఆమెకంటే ముందే నా నోట్లోకి వచ్చేది. అంత గాలిలో, అంత భయంలో కూడా, ఆ మాట చెప్పేది నేనైతే బాగుండుననే అనుకున్నాను. భయం ఈర్ష్యని చంపదు. రెండూ ఒకే బల్ల మీద కూర్చుంటాయి.

మొదటి పడవ రేవు నోట్లోకి వచ్చింది. అప్ప గొంతు కాస్త తేలికపడింది.

"తాయారూ, మా తవుడేడి?"

"ఇక్కడేనండి. కూర్చున్నారు."

"కూకున్నాడా?" అప్ప నవ్విందో, దగ్గిందో. "ఇంత గాలేస్తంటే కూకున్నాడా ఆడు?"

పక్కన చిన్నమ్మి అత్త పొట్ట కదిలేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి మంచె ఎక్కి చెప్పాలనిపించింది. లేస్తే బల్ల కదులుతుంది. తాయారు చెప్పొచ్చు. నేను ఎందుకు కూర్చున్నానో చెప్పొచ్చు. అంతకంటే ముందుది, మూతలు విప్పించిందెవరో, తాళ్ళు బాగున్నాయన్నదెవరో, అదీ చెప్పొచ్చు. ఆమె వెనక్కి తిరిగి ఒకసారి నన్ను చూసింది. తర్వాత సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది.

"రెండో పడవ, కుడికి రండి," అంది.

నా మీద ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. మంచిదీ, చెడ్డదీ. ఆమె స్థానంలో నేనుంటే చెప్పేసేవాణ్ణని నాకు తెలుసు. ఆమె గొంతు మీద ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. ఇక నుంచి ఆమె నోరు మూసుకోవడం మీద కూడా కుళ్ళుకోవాలి.

అప్ప పైకెక్కింది. బట్టలు ఒంటికి అంటుకుపోయి, మోచెయ్యి చీరుకుపోయి, నడవలేక నడుస్తూ వచ్చింది. ముందు మంచె దగ్గర ఆగి పైకి చూసి చెయ్యెత్తింది. తాయారు తల ఊపి మళ్ళీ సముద్రంలోకి చూసింది. అప్పుడు అప్ప మా వైపు తిరిగింది. ఒకరి మీద ఒకరు కూర్చున్న మమ్మల్ని చూసింది. బల్ల గీసిన మరక చూసింది. డ్రమ్ములో చెయ్యి పెట్టింది, తీసింది.

"మూతలేవి?" అంది.

అప్పలసూరి మావ వానలోకి చూస్తున్నాడు.

"నానే తీయించినాను," అన్నాను. "తాడు వొదులైందని నిన్న సూసినాను. సెప్పలేదు."

అప్ప నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. మూడో పడవ ఇంకా బయటే ఉంది, తాయారు దానికి దారి చెబుతూనే ఉంది.

"జరుగు," అంది అప్ప.

జరగడానికి చోటు లేదు. అయినా జరిగాను. నా పక్కన ఇరుక్కుని కూర్చుంది, తడి ముద్దలా, బరువుగా. తాడు మీద నా చేతుల పక్కన తన చేతులు వేసింది. నా వైపు చూడలేదు. ఇద్దరం స్పీకరు వింటున్నాం.

"ఎడమకి," అంటోంది తాయారు. "భయపడకండి. నేను చూస్తున్నాను. ఎడమకి."

"ఆ గోడల మద్దెన," అంది అప్ప, "కళ్ళు మూసుకుని ఆ గొంతు ఎనకే వొచ్చీసాను. తెలుసా నీకు?"

నేను తాడునే చూస్తున్నాను.

"నిన్నే అడుగుతన్నాను. ఎలాగుంది దాని గొంతు?"

గాలి తాడుని గుంజింది. మేమందరం ఒకేసారి వెనక్కి వాలి పట్టుకున్నాం.

"బాగుంది," అన్నాను.

"గట్టిగా సెప్పు, ఇనపడ్డంలేదు."

"బాగుంది," అన్నాను, మంచె మీదికి వినపడేంత గట్టిగా.